కౌజుల బీడులో నా గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చైతన్యపురిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికినవాణ్ణి. ఎవరైనా తెల్లచీర, గజ్జెల చప్పుడు అని మొదలుపెడితే, పోయి పడుకో అనేవాణ్ణి. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నందుకు నన్ను చూస్తే నాకే నవ్వొస్తోంది. అయినా రాస్తాను. ఇది జరిగింది పట్టపగలు, ఉదయం ఎనిమిదింటికి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. వారం తిరిగేసరికి ఏదో ఒక బంద్. నేను గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాను. యాస బయటపడుతుందని ఆ రోజుల్లో బజారులో నోరు మూసుకుని తిరిగేవాణ్ణి. ఉద్యమం మీద నా తెలివితేటలన్నీ స్టాఫ్ రూంలోనే, తలుపు వేసుకుని.

యాదగిరి రోజూ నన్ను ఇన్‌స్టిట్యూట్‌లో దింపే ఆటో డ్రైవర్. నల్లగొండ వైపు పల్లెటూరి మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద. అయినా నాకు "ఏవయ్యా యాదగిరీ"నే. ఆటోవాడికి గారేమిటి, గాడిదగుడ్డు! అతను నన్ను సార్ అనేవాడు. నేను అటు తిరగ్గానే నా యాసను అచ్చు గుద్దినట్టు దించి ఆటో స్టాండ్‌ను నవ్వించేవాడు. ఆ సంగతి నాకు తెలుసు.

బంద్ వస్తే అతనికి కౌజు పిట్టల పిచ్చి పట్టేది. నాదర్‌గుల్ అవతల, పార్కు చేస్తామని బోర్డు పాతి సర్కారు మరిచిపోయిన బీడు ఒకటి ఉండేది. రాళ్లు, తుమ్మ కంపలు, ఎండుగడ్డి. వేట నేరమయ్యా అంటే నా మీదికే వచ్చేవాడు.

"లెగ్ పీస్ కొరికేటప్పుడు గీ నేరం యాదికి రాదా సార్?"

అతని దగ్గర ఒక పెంపుడు కౌజు ఉండేది. దాన్ని దీమం పిట్ట అంటారు. పంజరంలో పెట్టి చుట్టూ ఉచ్చులు పన్నితే అది కూస్తుంది. ఆ కూత విని బయటి కౌజులు వచ్చి ఉచ్చులో పడతాయి. గుప్పెడు నూకలకు తన జాతినే పట్టించే పిట్ట! దాన్ని చూస్తేనే నాకు అసహ్యం. ఆ పిలుపు నమ్మి వచ్చేవంటే ఇంకా అసహ్యం. బుద్ధిలేని పిట్టలు, ఎవరు పిలిచారో చూసుకోవా అన్నాను ఒకసారి.

"మంచిగ పిలిస్తే ఎవలైనా ఒస్తరు సార్" అన్నాడు.

ఆ రోజు ఊసుపోక నేనూ వెళ్లాను. బంద్ కదా, ఆటో తియ్యలేదు, నా స్కూటర్ మీదే వెళ్లాం. పంజరం ఒక తుమ్మ కంప దగ్గర పెట్టాడు. దానికి ఎడమవైపు పొద వెనుక అతను, కుడివైపు బండ చాటున నేను. ఇద్దరికీ అది యాభై అడుగుల దూరం. గంట గడిచినా దీమం పిట్ట కిక్కురుమనలేదు. నాకు విసుగొచ్చి సంచిలోంచి బన్ను తీసి కొరికాను.

అప్పుడు పంజరం దగ్గర నుంచి వినిపించింది.

"యాదగిరి గారూ, ఒక్కసారి ఇలా వస్తారా?"

నా గొంతు. క్లాసులో మైకులో రోజూ వినే గొంతు, చివర సాగదీసే నా దీర్ఘంతో సహా. నా నోటినిండా బన్ను ఉంది.

యాదగిరి వెక్కిరిస్తున్నాడనుకున్నాను. వెధవ, ఇక్కడ కూడానా అని మండింది. నోట్లోది మింగి తిట్టేలోపే ఎడమవైపు పొద వెనుక నుంచి అతను లేచాడు. "ఒస్తున్న సార్!" అంటూ పంజరం వైపు ఉరికాడు. ముఖం వెలిగిపోతోంది. అక్కడ ఎవరూ లేరు. అటూ ఇటూ చూసి కంప దగ్గర వంగాడు. వెంటనే పెద్ద కేక. రక్తపింజర కాలి వేళ్ల మీద కాటేసింది.

తువ్వాలుతో అతన్ని నా నడుముకు కట్టుకుని స్కూటర్ తీశాను. కర్మన్‌ఘాట్ దాటి ఎల్బీనగర్ చేరేసరికి రోడ్డు నిండా జనం బైఠాయించి ఉన్నారు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది. అయినా అరిచాను, "పాము కరిచిందండీ, దారివ్వండి!" అని. నా యాస ఎవడూ పట్టించుకోలేదు. "జరుగుండ్రి, జరుగుండ్రి!" అంటూ అందరూ లేచారు. ఒకాయన తన బండి మీద దవాఖాన దాకా ముందు దారి చేస్తూ వచ్చాడు. స్టాఫ్ రూంలో వీళ్ల గురించి నేను వాగిన వాగుడు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

రెండు వేళ్లు తీసేశారు. ప్రాణం దక్కింది. మూడో రోజు చూడటానికి వెళ్తే అతని భార్య లక్ష్మమ్మ నిలదీసింది.

"పాము ఉన్నకాడికి మా ఆయనను ఎందుకు పిలిచిండ్రు సార్?"

"నేను పిలవలేదమ్మా" అన్నాను. "నేనెప్పుడైనా అతన్ని గారూ అన్నానా?"

మంచం మీద నుంచి యాదగిరి నవ్వాడు.

"గదే గద సార్. ఎన్నడు అననోళ్లు గారూ అంటిరి. గందుకే ఉరికిన."



ప్రతిధ్వని అనుకుందామంటే, ముందు ధ్వని ఉండాలి. ఆ మాట నేను జన్మలో అనలేదు. అతని మిమిక్రీ కాదు, అతను పొద వెనుకే ఉన్నాడు. ఆ బీడులో మూడో మనిషి లేడు. పాము కరిచిన మర్నాడే బీడుకెళ్లి పంజరం తెచ్చి వాళ్లింట్లో ఇచ్చాను. ఆ పిట్ట తర్వాత ఎప్పుడూ కూయలేదట. నా ఫిజిక్స్ ఇక్కడితో సరి. అది ఎవరి పిలుపో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇప్పుడు ఆయన్ని యాదగిరి గారూ అనే పిలుస్తాను. పిలవగానే రాడు. ముందు ఇటు తిరిగి నా పెదాల వైపు చూస్తాడు. రెండోసారి పిలిస్తే, కుంటుకుంటూ వస్తాడు.