చిన్నాయన విప్పిన ల్యాప్‌టాప్

పోయిన నెల నా ల్యాప్‌టాప్ మరీ మందగిస్తే కడపలో ఒక సర్వీస్ సెంటరుకు తీసుకుపోయాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడొచ్చే వాటిలో ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటుందనీ, మార్చడానికి వీల్లేదనీ, కొత్తది కొనుక్కోవడమే మేలనీ మర్యాదగా చెప్పింది. ఒకప్పుడు మేం ఇంట్లోనే మార్చుకున్నాం అన్నాను. మా అవ్వ విసుర్రాయి సంగతులు చెబితే నేను ఎలా నవ్వేదాన్నో అలాగే నవ్విందా అమ్మాయి. ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ నా కళ్ల ముందు వేంపల్లెలోని చిన్నాయన ఇల్లే మెదిలింది. మధ్యాహ్నం ఎండ, చల్లటి కడప బండల నేల, దాని మీద పరిచిన పాత దుప్పటి, ఆ దుప్పటి నడుమ పేగులు బయటపడి పడుకున్న నల్లటి ల్యాప్‌టాప్.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. హైస్కూల్లో తెలుగు పండితుడు. ఆయన గొంతు మా వైపు ఆయన కంటే పెద్ద మనిషి. బళ్లో పద్యం ఎత్తుకుంటే రోడ్డు మీద ఎద్దుల బండి ఆగేదని మా నాన్న అంటుండేవాడు. అది కొంచెం అతిశయోక్తే గానీ, ఆదివారం చర్చిలో ఆయన వాక్యం చదువుతుంటే మైకు కట్టేసేవాళ్లన్నది మాత్రం నేను చూసిందే. ఆ గొంతుతో పాటు ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉండేది. కనబడిన వస్తువునల్లా విప్పడం. మా ఇంటి గోడ గడియారాన్ని ఒక ఎండాకాలం విప్పి బిగించాడు. ఆ తర్వాత అది వెల్లకిలా పడుకోబెడితే తప్ప నడిచేది కాదు. మా నాన్న టైం చూసుకోవాలంటే స్టూలెక్కి బీరువా పైకి తొంగి చూసేవాడు. చిన్నమ్మ తన మిక్సీని పాత చీర కప్పి మరీ దాచుకునేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు చిన్నాయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గడ్డతో పాటు గొంతు కూడా తీసేశారు. మనిషి బతికాడు, మాట పోయింది. ఉద్యోగానికి సెలవు పెట్టి, ఆ తర్వాత పూర్తిగా మానేసి, ఒక పలకా బలపమూ పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. పలక మీద కూడా ఆయన పండితుడే. పూర్తి వాక్యాలు, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా తప్పకుండా రాసేవాడు. క్రియాపదం దగ్గరికి వచ్చేలోపల చిన్నమ్మకు ఓపిక నశించి వంటింట్లోకి వెళ్లిపోయేది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆయనకు చెవుడు కూడా వచ్చిందన్నట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అరిచి చెప్పేవాళ్లు. ఎవరో ఒకరు చొక్కా గుండీ పెట్టబోయేవాళ్లు, అన్నం కలిపి పెట్టబోయేవాళ్లు. ఆయన తల అడ్డంగా ఊపి, చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

అన్నిటికంటే నాకు వింతగా తోచింది ఆ ఇంట్లో పోట్లాటలు ఆగిపోవడం. వాళ్లిద్దరూ పెళ్లయిన నాటి నుంచి తెల్లారి కాఫీ మొదలు రాత్రి దోమతెర దాకా పోట్లాడుకుంటూనే బతికారు. ఆపరేషన్ తర్వాత చిన్నమ్మ ఆయనతో మెల్లగా, ఆస్పత్రిలో నర్సు మాట్లాడినట్టు మాట్లాడేది. ఎందుకు చిన్నమ్మా అని ఒకసారి అడిగితే, “జవాబు చెప్పలేని మనిషిని తిడితే పాపం గదమ్మీ” అంది. ఆ మర్యాద చూస్తే చిన్నాయనకు మాట పోయినదానికంటే ఎక్కువ దిగులుగా ఉండేదేమో అని నాకు అనుమానం.

అప్పట్లో నేను కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని. చిన్నాయన పద్యాల క్యాసెట్లు ఆయన ట్రంకు పెట్టెలో కొన్ని ఉన్నాయని తెలిసి, అవి బూజు పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కిద్దామని పట్టుకొచ్చాను. అవన్నీ ఆయన ఇంట్లోనే టేప్‌రికార్డర్ ముందు కూర్చుని పాడుకున్నవి. నా గదిలో రాగం కంటే బుస ఎక్కువగా వినబడే ఆ టేపుల్ని ఒక వైరు గుండా ఎక్కించి, కాలేజీ వాళ్లు పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్‌తో సహా వేంపల్లెలో ఆయన ముందు పెట్టాను. ఆ బుసను తీసే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో కూడా చూపించాను. అప్పటి నుంచి చిన్నాయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొద్దంతా దాని ముందే. చిన్నమ్మ మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. మనిషి ఎదురుగా ఉంటే ఆయన గొంతు డబ్బాలోంచి వినడం తన వల్ల కాదంది.

అసలు చిక్కు ఆ ల్యాప్‌టాప్ ముసలిది కావడం. ఒక పద్యంలో బుస తీయమని చెబితే గంటల తరబడి మూలిగేది. వేడెక్కేది. సగంలో చప్పున ఆరిపోయేది. చేసిందంతా పోయేది. చిన్నాయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. కర్నూల్లో కంప్యూటర్లు బాగుచేసే మా బావను, అంటే మా అక్క మొగుణ్ణి, అడిగాను. స్క్రీను పగిలిన ఒక ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసిన ప్రాసెసర్ ఒకటి తన దగ్గరుందనీ, ఒకటే చిప్పులో రెండు బుర్రలుంటాయనీ, మనదాంట్లో సరిగ్గా అదే గుంతలో కూర్చుంటుందనీ చెప్పి, “మిషన్ ఈడికి తీసకరాపో, నేనే ఏసిస్తా” అన్నాడు. ఆ మాట చిన్నాయనకు చెప్పాను. ఆయన పలక అందుకుని, జీవితంలో మొదటిసారి ఒకే ఒక్క మాట రాశాడు: నేనే.

చిన్నమ్మ బెదిరిపోయింది. ఆ గోడ గడియారం గతి తెలిసిన మనిషి గదా. పద్యాలుండే డిస్కు వేరు, ఈ చిప్పు వేరు అని నేను ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. క్యాసెట్లు ఉన్నాయి గదా అందామంటే, ఎక్కించేటప్పుడే రెండు తెగిపోయాయి. నాకూ లోపల భయంగానే ఉండింది. కానీ ఆ మాట రాసిన తర్వాత ఆయన ముఖం చూశాను. కర్నూలు వెళ్లి బావ దగ్గర పని ఎలా చేయాలో చూసి, సబ్బు డబ్బాలో దూది పరిచి ఆ చిప్పును తెచ్చాను.

గదిలో ఫ్యాను కట్టేశాం, చిన్న మరలు ఎగిరిపోతాయని. చిన్నమ్మ గొణుక్కుంటూనే తన తిరగవాత డబ్బా ఖాళీ చేసి తెచ్చింది. ఆవాల గిన్నెలో కీబోర్డు మరలు, జీలకర్ర గిన్నెలో ఫ్యాను మరలు. చిన్నాయన పనిలోకి దిగాడు. కీబోర్డు లేపి, రాగి గొట్టం ఉన్న పట్టీని ఊడదీసి, పాత చిప్పును రెండు వేళ్లతో ఎత్తి, కొత్తదాన్ని సూదుల్లాంటి దాని కాళ్లు చూసి చూసి గుంతలో దించాడు. దాని మీద వేడిని లాగే తెల్లటి పేస్టు బియ్యపు గింజంత పెట్టాడు. అన్నీ బిగించి మీట నొక్కాడు. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది.

మళ్లీ నొక్కాడు. అదే నలుపు. చిన్నమ్మ గడపలో నిలబడి ఏమీ అనలేదు. పూర్వమైతే ఆ పాటికి వీధి వీధంతా వినబడేది. బావకు ఫోన్ చేయనా అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన చేతులు గాలిలో కదలడం మొదలుపెట్టాయి. చేసిన పనంతా మొదటి నుంచి, ఒక్కో మరా తిప్పుతూ, ఒక్కో వైరూ పీకుతూ, మరిచిపోయిన పద్యాన్ని పెదాలతో నెమరేసుకున్నట్టు. చిప్పు దించే దగ్గర ఆ వేళ్లు ఆగిపోయాయి. కళ్లు తెరిచాడు. గుంత పక్కనే చిప్పును పట్టి ఉంచే చిన్న తిరుగుడు మర ఒకటుంటుంది. చిప్పు దించాక దాన్ని సగం చుట్టు తిప్పాలి. అది తిప్పలేదు. చూస్తూ నేనూ గమనించలేదు. మళ్లీ అంతా విప్పి, పేస్టు తుడిచి పెట్టి, ఆ మర తిప్పి, బిగించేసరికి చెమటకు ఆయన బనియను ఒంటికి అంటుకుపోయింది.

ఈసారి తెర వెలిగింది. చిన్నాయన నా వైపు చూడను కూడా లేదు. వెంటనే ఒక పద్యం ఎంచుకుని నొక్కాడు. విప్పేటప్పుడు ఇయర్‌ఫోన్లు పీకి పక్కన పెట్టాం కాబట్టి, ఆ గొంతు ఒక్కసారిగా ఇల్లంతా నిండింది. చిన్నమ్మ అప్పటికే వంటింట్లోకి పోయింది. నేను ఆపుదామని చెయ్యి చాపాను. ఇంతలో రాగం పైకి లేస్తుండగా టేపులో ఎక్కడో కుక్కర్ ఈల వేసింది. పద్యం ఠక్కున తెగింది. అదే గొంతు, పండితుడి భాష పక్కన పెట్టి, విసుగ్గా అంది:

“మేయ్, ఆ కుక్కరు దించు. రికార్డయితాండాదని చెప్తి గదా.”

“దించుతాండా ఉండయ్యా, నాకు ఉండేది రెండే చేతులు గదా,” అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

అన్న మరుక్షణం లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. టేపులో పద్యం మళ్లీ అందుకుంది. చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. పొయ్యి మీద ఏమీ లేదు. చిన్నాయన భుజాలు ఎగరేసి చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆమె ఆయన ముందు చతికిలబడి, “నవ్వు, నవ్వు. ఆ దినం పప్పు మాడిపాయ నీ పద్యం పాడుగాను” అంది. ఆయన పలక లాక్కుని గబగబా రాయడం మొదలుపెట్టాడు. ఈసారి క్రియాపదం వచ్చేదాకా ఆమె కూర్చుంది, చదివి, అంతకు రెట్టింపు జవాబు చెప్పింది. నేను లేచి, మిగిలిపోయిన మరలు ఏరుకుని బయటికి వచ్చేశాను.

తర్వాతి నెలల్లో చిన్నాయన పద్యాలన్నిటిలో బుస తీసి, శుభ్రం చేసి, సీడీల్లోకి ఎక్కించి బళ్లో ఇచ్చాడు. కుక్కర్ ఈల ఉన్న ఆ ఒక్క పద్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. చిన్నమ్మ ఈ మధ్య మా ఇంటికి వచ్చినప్పుడు నా ఫోన్లో అది పెట్టమంది. మంచం మీద కాళ్లు చాపుకుని, ఇది ఎన్నోసారి వినడమో తనకే తెలియనట్టు వింది. కుక్కర్ దగ్గరికి వచ్చేసరికి పెదాలు కదిలాయి, జవాబు చెప్పేసింది. మనిషిని తీసుకుపోయినంత తొందరగా ఆ మనిషికి జవాబు చెప్పే అలవాటును తీసుకుపోవడం కాలానికి చేతకాదు. దానికీ కొన్ని పనులు ఆలస్యంగానే అవుతాయి.