రెండు జేబుల చొక్కా

2016 ఫిబ్రవరి. తెనాలి మెయిన్ బజారు వెనక సందులో నా దర్జీ దుకాణం. ఊరంతా రెడీమేడ్ చొక్కాలు పరుచుకున్న రోజులు. ఒకప్పుడు నాలుగు మిషన్లు ఒకేసారి కదిలితే గోడ మీది గడియారం కూడా అదిరేది. అప్పటికి రెండే తిరుగుతున్నాయి. అయినా దుగ్గిరాల, బాపట్ల, రేపల్లెల నుంచి రైలెక్కి వచ్చి కుట్టించుకునే పాతవాళ్లు ఇంకా కొందరుండేవారు.

నేను కటింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత చొక్కాల కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, కొలిచి, లెక్క కట్టుకుని నేర్చుకున్నాను. ఛాతీ కొలత తెలిస్తే మెడ, భుజం, చంక ఎంతుండాలో ఒక లెక్క ఉంది. దాన్ని మేం స్కేల్ అంటాం. మనిషి మాత్రం స్కేలుకు సరిగ్గా కుదరడు. ఒక భుజం కిందికి ఉంటుంది, ఒక చెయ్యి పొడుగుంటుంది. అన్నిటికన్నా చిక్కు బ్యాలెన్స్ దగ్గర వస్తుంది. మెడ నుంచి నడుము దాకా ముందెంత, వెనకెంత అన్న తేడాయే బ్యాలెన్స్. వంగి నిలబడేవాళ్లకు, మా మాటలో స్టూపింగ్ వాళ్లకు, వెనక భాగం పొడుగు వదలాలి. వదలకపోతే చొక్కా వెనక అంచు పైకి లేస్తుంది, ముందు అంచు వేలాడుతుంది.

ఫణి బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల నుంచి నాకు తెలుసు. వాళ్లది రేపల్లె. తండ్రి సంస్కృతం మాస్టారు, తాతగారు గుడిలో అర్చకులు. మాస్టారి లాల్చీలు నేనే కుట్టేవాణ్ని కాబట్టి కొడుకూ నా దగ్గరికే వచ్చాడు. ఎప్పుడొచ్చినా ఒకటే ఆర్డరు. మందం గుడ్డ, ముదురు గళ్లు, రెండు జేబులు, వాటి మీద మూతల్లా ఫ్లాపులు. కాలర్లో బిరుసు కోసం పెట్టే ఇంటర్‌లైనింగ్‌ను ఆ జేబుల్లో కూడా పెట్టమనేవాడు. టేపు ఛాతీ చుట్టూ తిప్పబోతే ఊపిరి బిగబట్టి భుజాలు ముందుకు ముడుచుకునేవాడు. అతని ఛాతీ రెండు పక్కలా ఆడవాళ్లకు ఉన్నట్టు ఎత్తుగా ఉండేది. నేను అడగలేదు, అతను చెప్పలేదు. బిరుసు జేబుల వెనక దాచి పంపేవాణ్ని. దాచడం కూడా దర్జీ పనే.

చదువయి, బాపట్లలోనే లెక్చరర్‌గా చేరాక, ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వచ్చాడు.

“పెళ్లి కుదిరింది బాబాయ్,” అన్నాడు నేల చూస్తూ.

“శుభం! సూటా, షేర్వాణీయా?”

“రిసెప్షన్‌కి ఏదో ఒకటి కుట్టండి. గొడవంతా ముహూర్తంతోనే. ఆడపెళ్లివారిది బాపట్ల. పద్ధతుల దగ్గర గట్టివాళ్లు. పీటల మీద చొక్కా ఉండకూడదట. పంచె, ఉత్తరీయం, అంతే.”

నాకు అర్థమైంది. అతనే గొంతు తగ్గించి అడిగాడు. “ఒంటి రంగులో, ఒంటికి అతుక్కునేట్టు ఒకటి కుట్టగలరా? వేసుకున్నట్టు తెలియకూడదు.”

ప్రయత్నించాను. చీరాల నుంచి బనీను గుడ్డ తెప్పించి, రంగు వేయించి, కొలతకు రెండంగుళాలు తగ్గించి బిగుతుగా కుట్టాను. ట్రయల్‌కి వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

“నాటకాల్లో హనుమంతుడి వేషం వాళ్లు తొడుక్కుంటారు చూడండి, అలా ఉంది బాబాయ్. తోకొక్కటే తక్కువ.”

ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. నవ్వు ఆగాక అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. విజయవాడలో ఒక డాక్టరుకు చూపించుకున్నానని, దీన్ని గైనకోమాస్టియా అంటారని అప్పుడు చెప్పాడు. మగవాళ్ల ఛాతీలో గ్రంథి పెరగడమట. ఎంత పరిగెత్తినా, ఎంత కడుపు మాడ్చుకున్నా తగ్గదట. చిన్న ఆపరేషన్‌తో తీసేయొచ్చన్నారట.

“మరి ఆలోచనెందుకు?”

“నాన్న ఒప్పుకోవట్లేదు బాబాయ్.”

ఆ వారంలోనే మాస్టారు వచ్చారు. లాల్చీ గుడ్డ చేతిలో ఉంది కానీ వచ్చింది లాల్చీ కోసం కాదు.

“ఏమయ్యా వెంకటేశ్వర్లూ, మావాడు నీ మాట వింటాడు. కాస్త చెప్పు. రోగం లేదు, నొప్పి లేదు. ఉత్త పుణ్యానికి ఒంటి మీద కత్తి పెట్టించుకుంటాడట!”

“నేనేం చెప్పేదండి మాస్టారూ…”

“ఇది మా వంశంలోనే ఉందయ్యా. మా నాన్నగారికి ఉండేది, నాకుంది. కొలిచేవాడివి, నీకు తెలియదా? ఇన్నేళ్లుగా చొక్కా లేకుండా అరుగు మీద కూర్చుంటున్నా. పూజలకి పోతున్నా. ఎవడైనా ఒక మాటన్నాడా?”

ఆయన చెప్పింది నిజం. తండ్రీ కొడుకుల ఎత్తు ఒకటే, ఛాతీ ఒకటే, నలభై రెండున్నర. కానీ మాస్టారు ధ్వజస్తంభంలా నిలబడతారు. ఫణికి వెనక బ్యాలెన్స్ ఒకటింపావు అంగుళం ఎక్కువ. ఒకే ఛాతీ ఒకరి వీపును వంచింది, ఒకరి వీపును వంచలేదు. ఆ రోజు నాకూ మాస్టారి మాటే సబబనిపించింది.

ఫణి వచ్చినప్పుడు ఆ మాటే అన్నాను. అతను కోప్పడలేదు.

“నాన్న హాస్టల్లో ఉండలేదు బాబాయ్,” అన్నాడు. “బావి దగ్గర స్నానానికి వెళ్తే ‘అక్కయ్య వచ్చింది, అందరూ పక్కకు జరగండ్రా’ అనేవాళ్లు. సూర్యలంక బీచికి క్లాసంతా వెళ్తే నేను ఒడ్డున చెప్పులకు కాపలా. నాలుగేళ్లూ కాపలానే.”

లాల్చీ తీసుకోవడానికి వచ్చిన మాస్టారికి ఈ మాట చెప్పాను. ఆయన చాలాసేపు గుడ్డ మడతలు సర్దుతూ కూర్చున్నారు. “ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదయ్యా,” అని లేచారు. ఆపరేషన్ రోజు కొడుకు పక్కన ఉన్నది ఆయనే.

ఆ తర్వాత కొన్ని వారాలు బిగుతు బనీను వేసుకోమన్నారట. నేను కుట్టలేకపోయిన బనీను ఆస్పత్రివాళ్లే ఇచ్చారు! వదులైతే నా దగ్గరికే తెచ్చి బిగుతుగా కుట్టించుకున్నాడు. అది తీసేశాక రిసెప్షన్ చొక్కాకు కొలత తీశాను. ఛాతీ నలభై. నాకు సంతోషమేసి, వీపు వంపు లెక్కలోకి తీసుకోకుండా, తెల్లటి పల్చటి గుడ్డ స్కేలు ప్రకారం కోసేశాను. ట్రయల్‌లో వెనక అంచు పైకి లేచింది. ఛాతీ తగ్గింది కానీ భుజాలు ఇంకా అక్కడే ముడుచుకుని ఉన్నాయి.

“జేబులు రెండు పెట్టారా బాబాయ్? ఫ్లాపులు?” అన్నాడు.

“ఇంకా ఎందుకు బాబూ?”

అతను అద్దంలో చూసుకుని, చేత్తో ఛాతీ తడుముకున్నాడు. నేను వెనక ముక్క మార్చి మళ్లీ కోశాను.

చైత్రం చివర్లో బాపట్లలో పెళ్లి. నేనూ వెళ్లాను. జీలకర్ర బెల్లం దాకా ఉత్తరీయం ఒంటికి చుట్టుకునే కూర్చున్నాడు. తలంబ్రాలు వచ్చాయి. పెళ్లికూతురు శారద దోసిళ్లతో గుమ్మరిస్తోంది. ఫణి ఎడమ చేత్తో ఉత్తరీయం పట్టుకుని, కుడి చేత్తో పిడికెడు పిడికెడు వేస్తున్నాడు.

“ఏంటమ్మా, మీ పెళ్లికొడుకు ఒంటిచేత్తో పోస్తున్నాడు! రెండో చెయ్యి కూడా కట్నంలో అత్తారే ఇవ్వాలా?” అంది ఆడపెళ్లివారి ముసలావిడ. పందిరంతా గొల్లున నవ్వింది.

శారద అతని వైపు వంగి, “ఓడిపోతున్నారండి,” అంది మెల్లగా.

పక్కనే, ఒంటి మీద కండువా మాత్రం వేసుకుని నిటారుగా కూర్చున్న మాస్టారు, “రెండు చేతులూ ఎత్తరా ఫణీ,” అన్నారు. ఆ గొంతు పాఠం చెప్పే గొంతు కాదు, బతిమాలే గొంతు.

ఫణి ఎత్తాడు. ఉత్తరీయం జారి ఒళ్లో పడింది. తలంబ్రాలు శారద తల మీద, పురోహితుడి మీద, నా చొక్కా మీద పడ్డాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. అతని ఛాతీ వైపు ఎవరూ చూడలేదు. చూసింది నేనూ మాస్టారే అనుకుంటాను.

కొన్ని నెలల తర్వాత దంపతులిద్దరూ దుకాణానికి వచ్చారు. శారద గుడ్డలు చూస్తుంటే ఫణి అన్నాడు: “ఆపరేషన్ చేయించుకోకపోయినా ఆ రోజు ఎవరూ చూసేవాళ్లు కాదేమో బాబాయ్.”

“చేయించుకోకపోతే చేతులెత్తేవాడివా?”

“ఎత్తేవాణ్ని కాదు,” అన్నాడు.

ఇప్పుడు ఫోన్లలో ముఖాలు చూసుకునే కుర్రాళ్లు ముక్కు సన్నం చేయించుకోవాలని, దవడ దిద్దించుకోవాలని నా ముందే మాట్లాడుకుంటారు. నన్నడిగితే అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేను. ఫణి విషయంలో ఆపరేషన్ ఛాతీ వరకు సరిచేసింది. హాస్టల్ వంచిన వీపు దాని చేతికి అందలేదు. అందుకు వేరే మనుషులు, వేరే మాటలు, చాలా కాలం కావలసి వచ్చాయి.

దుకాణంలో ఇప్పుడు ఒక్క మిషనే ఉంది. ఎక్కువగా రెడీమేడ్ ప్యాంట్ల కాళ్లు మడిచి కుట్టడమే పని. పోయినేడు ఫణి తెల్ల ఖద్దరు గుడ్డ పట్టుకుని వచ్చాడు. టేపు తిప్పుతుంటే ఊపిరి బిగబట్టలేదు, పిల్లల బడి కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

“రెండు జేబులేనా బాబూ?” అన్నాను ఆటపట్టిస్తూ.

“ఒకటి చాలు బాబాయ్. కళ్లజోడు పెట్టుకోడానికి.”

వెనక బ్యాలెన్స్ చూశాను. ఇంకా అర అంగుళం ఎక్కువే ఉంది. అతనికి చెప్పలేదు. ఆ అర అంగుళం వదిలి కోశాను. చొక్కా చక్కగా కూర్చుంది.