మేజర్‌కు మనుషులు తెలుసు

1954 వేసవిలో నన్ను కడప జిల్లాలోని ఒక డివిజను కేంద్రానికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. ఊరు మైదుకూరు నుంచి బస్సులో ఒక పూట ప్రయాణం. అంతకుమించి చెప్పను. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకోవడానికి సిద్ధపడిన ఆ పెద్దమనుషుల మనవలు ఇప్పటికీ అక్కడే కాపురం ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు నాకు శుభలేఖలు కూడా పంపుతుంటారు.

హోదా పేరు పొడుగే గాని జనం నోట మేము గొడ్ల డాక్టర్లం. గొంతువాపుకు, జబ్బవాపుకు టీకాలు వేయడం, అడ్డం తిరిగిన దూడను ఆవు కడుపులోంచి లాగడం, కోడెలకు విత్తులు నొక్కడం మా నిత్యకృత్యం. కుక్కలు ఆసుపత్రికి రావడం అరుదు. జబ్బులు లేక కాదు. కుక్కను ఎత్తుకొని వస్తే దారి పొడవునా "ఏమప్పా, బిడ్డకు బాగలేదా?" అని పరామర్శించేవాళ్ళు. వేంపల్లె దగ్గర పనిచేసిన రోజుల్లో ఒక రైతు నెలకోసారి నిక్షేపంలాంటి ఎద్దును తోలుకొచ్చేవాడు. దాని నాలుక చూపించి, తోక చూపించి, ఇక పోతాననగా, "ఇదొకటి ఊరికే వెంట వచ్చింది సార్, దీని చెవి ఒకపారి చూడు" అని కుక్కను ముందుకు నెట్టేవాడు. ఆ చెవి మానేసరికి ఎద్దుకు మా ఆసుపత్రి దారి కంఠతా వచ్చింది.

అందుచేత, డివిజనుకు పెద్ద అయిన డిప్యూటీ కలెక్టరు గారి బంగళా నుంచి కుక్క కోసం కబురు రాగానే నేను టోపీ పెట్టుకొని బయలుదేరాను.

ఆయన పేరు సుందరరామయ్య గారు. కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి. భార్య పోయి రెండేళ్ళయింది, పిల్లలు లేరు. లంచం మాట అటుంచి, ఆయన ఎవరి దగ్గరా నిమ్మకాయ కూడా ముట్టుకొనేవారు కాదు. అధికారి దర్శనానికి పోతే చేతిలో నిమ్మకాయ పెట్టడం ఆనాటి మర్యాద. దాన్ని కాదంటే జనం ఆ అధికారిని మెచ్చుకొనేవాళ్ళే గాని, తమ పని ఎలా అవుతుందో తెలియక నిద్ర పోయేవాళ్ళు కాదు.

కుక్క పేరు మేజర్. ఊరు వదిలిపోతున్న ఒక తెల్లదొర దగ్గర సుందరరామయ్య గారి భార్య ముచ్చటపడి తీసుకున్న అల్సేషన్. నేను వెళ్ళేసరికి అది వరండాలో పేము కుర్చీ మీద పడుకొని రొప్పుతోంది. నేను నిలబడ్డాను. నాన్-గెజిటెడ్ ఉద్యోగిని గనుక అందులో నాకు విశేషమేమీ కనిపించలేదు.

కుక్కను పరీక్షించేటప్పుడు పక్కటెముకలు తడిమి చూడటం మాకు కాలేజీలో మొట్టమొదట నేర్పే పాఠం. మేజర్ ఒంట్లో పక్కటెముకలు ఉన్నాయని నమ్మకం మీద ఒప్పుకోవలసి వచ్చింది. రెండు రోజులుగా వాంతులు. కడుపు ముట్టుకుంటే మూలుగుతోంది. గుండె అంత కొవ్వును మోయలేక గుర్రపు డెక్కల్లా కొట్టుకుంటోంది.

"దీనికి ఏం పెడుతున్నారు సార్?" అని అడిగాను.

పొద్దున పాలు, ఒక రొట్టె ముక్క. సాయంత్రం గుప్పెడు అన్నంలో కాస్త మాంసం. అంతా తన చేత్తోనే పెడతానని చెప్పారు. ఆ మనిషి అబద్ధమాడరు. మేజర్ అప్పుడే గచ్చు మీద కక్కిన దాంట్లో జీడిపప్పు ఉంది, ఏలకుల తొక్క ఉంది. అది కూడా అబద్ధమాడేది కాదు.

నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా చర్మం కింద సెలైను ఎక్కించాను. ఆయన తల పట్టుకొని కూర్చున్నారు, కుక్క తలే. పని అయ్యాక, నా వైపు చూడకుండా, ఈ ఇంట్లో తాను మాట్లాడితే వినేది ఇదొక్కటేనని, ఎలాగైనా దక్కించమని అన్నారు. ఇంకోసారి ఇలాంటి వాంతులు వస్తే గుండె ఆగుతుందని నేను దాచకుండా చెప్పాను. బయటి తిండి ఏదో తింటోందన్నాను. "గేటు దాటి పోదండీ" అన్నారు. అదీ నిజమే.

మరునాడు తెల్లవారగానే మళ్ళీ సెలైను ఎక్కించే మిషతో వెళ్ళి, గేటు పక్క గుమాస్తాల బెంచీ మీద కూర్చున్నాను. అర్జీలిచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. బంగళా దఫేదారు, అంటే బంట్రోతుల మీద పెద్ద, మస్తాన్ సాహెబ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముందుగా వచ్చినవాడు రోడ్ల కాంట్రాక్టరు ఓబుళరెడ్డి. చంకలో పొట్లం.

"ఏం మస్తానూ, మేజరయ్య లేచినాడా?"

"లేచినాడు రెడ్డీ. ఏం తెచ్చినావు?"

"గువ్వలచెరువు కోవా."

"మళ్ళా కోవానేనా? నిన్న శెట్టి తెచ్చిన బెల్లం ఓళిగలే సగం మిగిలి ఉండాయి. ఒంట్లో నలతగా ఉండాడు, మెత్తంగా పెట్టు."

"నలతా? అయ్యో! అయితే రోంత నెయ్యి వేసి పెడతా."

నాకు అప్పటికీ పూర్తిగా బోధపడలేదు. మస్తాన్ పక్కకు వచ్చి కూర్చుంటే నెమ్మదిగా అడిగాను. అతను నా అమాయకత్వానికి జాలిపడ్డాడు.

"ఏం సార్, నీకు తెల్దా? దొర అర్జీ వినేటప్పుడు కుక్క పక్కనే ఉంటాది కదా. ఎవరిని చూసి తోక ఊపితే వాడు మంచోడని దొర లెక్క. మేజర్‌కు మనుషులు తెలుసు అని ఆయప్పే అంటాడు. మనిషి చెప్పేది నమ్మడు, కాగితం నమ్మడు, దీని తోక నమ్ముతాడు. మరి తోక ఊరికే ఊగుతాదా?"

సంగతి అదన్నమాట. నిమ్మకాయ కూడా ముట్టని ఆఫీసరు ఇంట్లో, ఆయనకు తెలియకుండా, ఆయన కుక్క డివిజను మొత్తం దగ్గర మేస్తోంది. అందరూ ప్రేమగానే పెడుతున్నారు. ఆ ప్రేమకు కుక్క చచ్చిపోతోంది.

ఈ రోగం ఆయనకు చెప్పడం ఎలా? "సార్, మీ కుక్క లంచాలు తింటోంది" అని చెప్పడానికి మా శాఖ నియమావళిలో తగిన వాక్యం లేదు. పైగా అది కుక్క మీద ఫిర్యాదు కాదు. రెండేళ్ళుగా ఆయన మంచివాళ్ళని నమ్మినవాళ్ళంతా కోవా పెట్టినవాళ్ళేనని చెప్పడం. పెద్దాసుపత్రిలో మనుషులకు వైద్యం చేసే నా స్నేహితుడు దేవదాసును సలహా అడిగాను. ఆదివారం చర్చిలో గంభీరంగా బైబిలు చదివే మనిషి, తక్కిన వారమంతా నవ్వుకు వంక వెతికేవాడు.

"నువ్వు చెప్పొద్దప్పా. వాళ్ళ చేతనే చెప్పించు" అన్నాడు.

నేను డిప్యూటీ కలెక్టరు గారికి చికిత్స రాసిచ్చాను. గొలుసుతో కట్టివేయాలి. మూతికి తోలు జాలీ. ఎవరూ తాకకూడదు. రాగి సంగటి, పలచటి మజ్జిగ తప్ప ఇంకేదీ పడకూడదు. ఇదంతా కడుపు కోసమేనని కూడా విడమరిచి చెప్పాను. ఆయన వెంటనే హెడ్ గుమాస్తాను పిలిచారు. గుమాస్తా గుండ్రటి అక్షరాలతో బోర్డు రాసి గేటుకు తగిలించాడు: "మేజర్ పశువైద్యుల పరిశీలనలో ఉన్నది. ఎవరూ సమీపించరాదు."

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. కుక్క ఎవరినైనా కరిస్తే దాన్ని చంపకుండా పది రోజులు కట్టివేసి చూస్తారు. బతికి ఉంటే పిచ్చి లేనట్టు. చస్తే మనిషికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. దీన్నే పరిశీలన అంటారు. మా ప్రాంతంలో చదువురానివాళ్ళకు కూడా ఆ మాట తెలుసు, దానికి ఇంకో అర్థం ఉండవచ్చునని మాత్రం ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి ఓబుళరెడ్డి మా ఆసుపత్రిలో ఉన్నాడు.

"సార్, మేజరయ్యకు పిచ్చా?"

"పరిశీలనలో ఉంది రెడ్డి గారూ. ఇప్పుడే ఏం చెప్పగలను?"

"కరవలేదు సార్. ఊరికే చెయ్యి నాకింది. నాకితే ఏమన్నా అయితాదా?"

"అది మనుషుల డాక్టరు చెప్పాలి" అన్నాను. మా శాఖకు మనుషుల మీద అధికారం లేదు.

మరునాడు పొద్దున పెద్దాసుపత్రి ముందు, రోడ్డు పొడవునా వరుస. ఓబుళరెడ్డి, శెట్టి, ఇద్దరు కరణాలు, సంత వేలం పాడుకున్న పాటదారు. బోర్డు రాసిన హెడ్ గుమాస్తా. అందరికంటే చివర, తలకు తుండుగుడ్డ కప్పుకొని, మస్తాన్ సాహెబ్.

దేవదాసు ఒక్కొక్కరినీ శ్రద్ధగా ప్రశ్నించాడు.

"కరిచిందా?"

"లేదు సార్, నాకింది."

"యాడ?"

"అరచేతిలో."

"అరచేతిలో ఏముండె?"

చేయి వెనక్కి పోయేది.

"చెప్పకుంటే మందెట్ల ఇయ్యాల?"

"కోవా, సార్."

"ఎన్నిమార్లు?"

"వారానికి రెండు మూడుమార్లు. శెట్టి అయితే దినామూ!" అని పక్కవాణ్ణి కూడా పట్టిచ్చేవాళ్ళు. శెట్టి, "మాది శాకాహారమే సార్, ఓళిగలు. వేట మాంసం పెట్టింది పాటదారు" అని తన నిర్దోషిత్వం చాటుకున్నాడు. సూదులు ఇప్పుడే అక్కరలేదు, కుక్క బతికితే అసలే అక్కరలేదు, అంతవరకు రోజూ పొద్దున వచ్చి నాకిన చోటు కార్బాలిక్ సబ్బుతో కడుక్కొని పొమ్మన్నాడు దేవదాసు. ఆ కడుగుడు కుళాయి సరిగ్గా రోడ్డు పక్కనే ఉంది.

తరువాతి రోజుల్లో మేజర్ ఆరోగ్యం గురించి పడినంత ఆరాటం ఆ ఊరు ఏ మనిషి గురించీ పడలేదు. శెట్టి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాడు. మస్తాన్ దర్గాలో ఫాతెహా చదివించాడు. గేటుకు దూరంగా నిలబడి, "మేజరయ్య సంగటి తిన్నాడా? నీళ్ళు తాగినాడా?" అని అడిగేవాళ్ళు. తాగాడంటే, నీళ్ళంటే భయం లేదని, వాళ్ళ కళ్ళు చెమర్చేవి. అన్నాళ్ళ కోవాలోనూ లేని చిత్తశుద్ధి ఆ ప్రశ్నల్లో ఉంది. మేజర్ మొదటి రెండు రోజులు సంగటిని అవమానంగా భావించింది. మూడో రోజు తినింది. వాంతులు ఆగిపోయాయి. ఒక ఉదయం నా వేలికి మొదటి పక్కటెముక తగిలింది. తప్పిపోయిన బంధువు కనిపించినట్టయింది.

డిప్యూటీ కలెక్టరు గారు ఆఫీసుకు ఆ రోడ్డు మీదుగానే నడిచిపోతారు. ఒకరోజు ఆగి, కుళాయి దగ్గరి వరుసను మొదటి నుంచి చివరిదాకా చూసి, నన్ను పిలిపించారు.

"వీళ్ళంతా ఎందుకు నిలబడ్డారండీ?"

"మేజర్ నాకిందట సార్."

"ఇంతమందినా?"

"ఇంకా పల్లెల నుంచి రావలసినవాళ్ళు ఉన్నారు సార్."

ఆయన మళ్ళీ వరుస వైపు తిరిగారు. వరుసలో ఉన్నవాళ్ళ ముఖాలు, మేజర్ తోక ఊపిన ముఖాలు ఒకటేనని ఆయనకు నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

"మిమ్మల్ని నాకలేదా?"

"లేదు సార్. నేను సూది పొడిచేవాణ్ణి."

ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వని రుజువు చేయలేను. మస్తాన్‌ను ఉద్యోగంలోంచి తీసేస్తారని ఊరంతా అనుకుంది. గేటు నుంచి మార్చి, కుక్కకు సంగటి వండే పని అప్పగించారు.

పది రోజులూ నిండాయి, బోర్డు దిగింది. సన్నబడి, నిగనిగలాడుతూ మేజర్ అర్జీల సమయానికి వరండాలోకి వచ్చింది. పాత స్నేహితులందరినీ చూసి తోక ఊపుకుంటూ బయలుదేరింది. ఓబుళరెడ్డి కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు. "నేనెవరో తెలీదు పో, పో!" అన్నాడు శెట్టి. కరణాలు పైకప్పు వైపు చూశారు. మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి, ఏ చేయీ చాపకపోయేసరికి, అది వరండా మధ్యలో ఏమీ తోచక నిలబడిపోయింది. సుందరరామయ్య గారు చేతిలోని కాగితం పక్కన పెట్టి, లేచి వచ్చి, అందరి ఎదుట కింద కూర్చుని దాని మెడ నిమిరారు. ఆ రోజు నుంచి అర్జీలు చదివి తీర్పు చెప్పేవారు. ఆలస్యమయ్యేది. జనం దాన్ని కూడా తిట్టుకున్నారు.

మరుసటి ఏడాది ఆయనకు కర్నూలు బదిలీ అయింది. సంగటి వండే మస్తాన్ కూడా వెంట వెళ్ళాడు. అప్పుడు ఆ ఊరు ఆంధ్ర రాష్ట్ర రాజధాని, సగం సర్కారు కచేరీలు డేరాల్లో నడిచేవి. కొన్నాళ్ళకు నన్ను కూడా అక్కడికి వేశారు. అందువల్ల మేజర్ చివరి జబ్బు కూడా నా చేతుల మీదుగానే నడిచింది. ముసలితనం, మూత్రపిండాలు. చేయగలిగింది లేదని చెప్పాను, ఆయన తలూపారు. కోడుమూరు రోడ్డు వైపు ఒక చిన్న అద్దె ఇల్లు. గోనెపట్టా మీద కుక్క, పక్కన కింద ఆయన. పేము కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం ఓబుళరెడ్డి వచ్చాడు, చంకలో పొట్లంతో.

"నీకు ఇక్కడ ఏం పనయ్యా? మీ జిల్లా నా చేతిలో లేదు" అన్నారు సుందరరామయ్య గారు.

"పనేం లేదు సార్. మేజరయ్యకు బాగలేదని మస్తాను జాబు రాయించినాడు. చూసిపోదామని వచ్చినా." పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మార్చుకుంటున్నాడు. "అలవాటు చొప్పున తెచ్చినా. వద్దంటే తీసుకుపోతా."

మేజర్ తల ఎత్తలేదు. తోక మాత్రం గోనె మీద ఒకసారి కొట్టింది. ఆయన దాన్ని చూశారు, రెడ్డిని చూశారు, తరువాత చేయి చాచి పొట్లం అందుకున్నారు. నాకు తెలిసి ఆయన ఇంకొకరి దగ్గర తీసుకున్న వస్తువు అదొక్కటే. చిటికెడు కోవా తీసి కుక్క పెదవికి రాసి, నా వైపు చూశారు. పశువైద్యుడిగా నేను వద్దనాలి. నేను కిటికీలోంచి డేరాల వైపు చూస్తున్నాను.

తెల్లవారి పెరట్లో గొయ్యి రెడ్డే తవ్వించాడు. రోడ్ల కాంట్రాక్టరు గనుక కొలతలు సరిగ్గా ఉన్నాయి.

ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా సర్వీసు చేశాను. ఏ ఇంట్లో కుక్కకు జబ్బు చేసినా, మందు రాసేముందు ఆ ఇంటి గేటు దగ్గర ఒక పూట కూర్చునేవాణ్ణి. రోగం సగం అక్కడే దొరికేది. అలా కూర్చున్న పూటలను డ్యూటీ కింద లెక్కకట్టమని అడిగితే మా శాఖ ఒప్పుకోలేదు.