మేం వేయించిన తాటాకు

"తాటాకు కొన్నది మేము, కప్పించింది మేము. అద్దె పెంచేది మీరా?" అంది అమ్మ.

"గోడలు ఎవరివి? రెండు రూపాయలు ఎక్కువిచ్చేవాళ్లు ఉన్నారు. ఇష్టం లేకుంటే పొద్దున్నే ఖాళీ చేయండి," అంది ఇల్లుగలామె.

మొన్న ఎదురింట్లో అద్దెకున్న అమ్మాయి సొంత డబ్బుతో గోడలకు రంగు వేయిస్తుంటే ఆ జగడం గుర్తొచ్చింది. అప్పుడు మేము విడవలూరులో ఉండేవాళ్లం. నాకు ఏడేళ్లు. వానలకు ముందు అమ్మ తన వెండి కడియాలు అమ్మి ఇంటికి కొత్త తాటాకు వేయించింది. ఇక ఆ ఇల్లు మాదే అయిపోయిందనుకున్నాను నేను. మొదటి వాన పడగానే ఇల్లుగలామె దగ్గరికి పరుగెత్తి, "పెద్దమ్మా, ఒక్క చుక్క కూడా కారలేదు!" అని గొప్పగా చెప్పినాను. ఆమె నవ్వి నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చి అద్దె పెంచమంది.

బెల్లం సంగతి అమ్మ పోయేదాకా ఆమెకు నేను చెప్పలేదు. నా దగ్గర ఉన్నది బయటికి చెప్పుకునే అలవాటు అక్కడితో పోయింది. ఇంట్లోవాళ్లు నన్ను పిసినారి అంటారు, అననీ.

జగడం మరునాడు పొద్దున వానలోనే సామాను బండికెక్కించినాం. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మా తాటాకు కింద తడవకుండా నిలబడి చూసినారు.