అత్తమ్మ చేతి క్రియాటిన్

నలభై నాలుగో ఏట నేను జిమ్‌లో చేరడానికి కారణం ఒక చీరల మూట. మెదక్ బజారులో మాది బట్టల దుకాణం. సరుకు లారీ ఆఫీసు నుంచి ఆటోలో వస్తుంది. ఆటోవాలా గుమ్మం ముందు దించేసి తన దారిన తాను పోతాడు. పెళ్లయిన కొత్తలో అలాంటి మూటను నేనే ఎత్తి గల్లా పక్క బల్ల మీద పెట్టేదాన్ని. ఆ రోజు వంగి పట్టుకున్నాను. మూట లేవలేదు, నేనూ లేవలేదు. నడుము పట్టేసి అక్కడే మూట మీద కూలబడ్డాను. అప్పుడే లోపలికి వచ్చిన ఒకావిడ, నేను తీరిగ్గా కూర్చున్నాననుకుని, జాకెట్టు గుడ్డ మీటరు ఎంత అని అడిగింది. కూర్చున్న చోటు నుంచే చెప్పాను.

డాక్టరు చూసి ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. కండల్లో బలం తగ్గిందనీ, నొప్పి పోయాక మెల్లగా బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టమనీ చెప్పాడు. బరువెత్తలేక వచ్చినదాన్ని పట్టుకుని బరువెత్తమంటాడేమిటని ఇంటిదాకా విసుక్కున్నాను. మా ఆయన మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. మరుసటి వారం నొప్పి తగ్గగానే నన్ను బండి మీద ఎక్కించుకుని వెళ్లి, చర్చికి పోయే రోడ్డులో ఒక మొబైల్ దుకాణం పైనున్న జిమ్‌లో పేరు రాయించాడు.

మధ్యాహ్నం అక్కడ ఆడవాళ్ల బ్యాచ్. ఆ వేళకు మా దుకాణంలో గిరాకీ ఎలాగూ పలచగానే ఉంటుంది. మాకు నేర్పేది పాపన్నపేట అమ్మాయి. కాలేజీలో కబడ్డీ ఆడింది. స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తీసీ తీయకముందే ఎవరు ఎగ్గొట్టారో కనిపెట్టేస్తుంది. నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, మా అబ్బాయి పాత బూట్లు తొడుక్కుని వెళ్లాను. మొదటి రోజు ఉత్త ఇనుప కడ్డీ ఎత్తడానికే నా చేతులు వణికాయి. పక్కనే బడిలో లెక్కలు చెప్పే ఒక టీచరమ్మ తనూ అలాగే వణికానని ధైర్యం చెప్పింది. ఆమె చేరింది నాకంటే రెండు రోజులు ముందు.

మూడు నెలలు గడిచేసరికి నడుము నొప్పి మాట మరిచిపోయాను. కడ్డీకి రెండు పక్కలా బరువు పళ్లాలు ఎక్కాయి. ఆ తర్వాత మాత్రం ఒకచోట ఆగిపోయాను. ఎన్ని వారాలు తంటాలు పడ్డా అదే బరువు దగ్గర చేతులెత్తేస్తున్నాను. అప్పుడు ఆ అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టి రోజూ ఏం తింటున్నానో అడిగింది. మా ఇంట్లో మాంసం వండేది ఆదివారమే. మిగతా రోజులు అన్నం, పప్పు, చారు. ఆమె ముందు పప్పు ఎక్కువ పెట్టుకోమంది, గుడ్లు తినమంది. చివర్లో క్రియాటిన్ అనే పొడి గురించి చెప్పింది.

అది స్టెరాయిడ్ కాదని ముందే చెప్పి నా నోరు మూయించింది. మన ఒళ్లే కొంత తయారు చేసుకుంటుందట, మాంసంలో, చేపలో మరికొంత ఉంటుందట. బరువు ఎత్తే ఆ కాసేపట్లో కండకు చప్పున అందే శక్తి దాని నుంచే వస్తుందట. రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు, అంటే డబ్బాలో వచ్చే చిన్న చెంచాతో తలగొట్టి ఒక్క చెంచా. జిమ్‌కు వచ్చినా, రాకపోయినా రోజూ వేసుకోవాలి. పొద్దున్నా, సాయంత్రమా అన్న పట్టింపు లేదు, మరిచిపోని వేళ చూసుకుంటే చాలు. కొందరు మగపిల్లలు తొందరగా ఫలితం రావాలని మొదటి వారం నాలుగింతలు తాగేస్తారనీ, ఆ అవసరం లేదనీ, మామూలుగా తాగినా నెల తిరిగేసరికి కండలో అంతే నిండుతుందనీ చెప్పింది. నీళ్లు బాగా తాగమంది. ఏ రుచీ, రంగూ కలపని ఉత్త పొడి, సీలు ఉన్నది, బిల్లు ఇచ్చే చోటే కొనమంది.

“ఇంట్ల ఎవ్వరికన్న కిడ్నీ బీమారి ఉంటే మాత్రం ముందుగాల డాక్టర్‌ను అడుగుండ్రి అక్కా,” అంది చివరికి.

నాకు కిడ్నీ జబ్బేమీ లేదు కదా అనుకుని, డాక్టరు దాకా పోకుండానే ఆన్‌లైన్‌లో తెప్పించాను. పార్సిల్ దుకాణానికి వచ్చింది. విప్పింది మా ఆయన. డబ్బా మీది పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివి, దాన్ని గల్లా కింద పెట్టేసి, సాయంత్రం తనే ఇంటికి పట్టుకొచ్చాడు.

ఇక్కడ మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన పోయి అయిదారేళ్లయింది. రెండు కిడ్నీలూ చెడిపోయి, చాలాకాలం వారానికి రెండుసార్లు హైదరాబాదుకు డయాలసిస్‌కు తిరిగారు. పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవారు. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే. రిపోర్టు రాగానే మా అత్తమ్మ ముందు అడిగేది, క్రియాటిన్ ఎంతొచ్చింది అని. రిపోర్టులో రాసి ఉండేది క్రియాటినిన్, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె. మెదక్‌లో ఎవరికి అంత నోరు తిరుగుతుంది? దవాఖానలో నర్సు దగ్గర నుంచి ఆటోవాలా దాకా అందరూ క్రియాటిన్ అనే అనేవాళ్లు. మా ఇంట్లో అది ఒక పరీక్ష పేరు కాదు, జబ్బు పేరు. ఇప్పుడు అదే పేరుతో నేను ఒక డబ్బా తెచ్చిపెట్టాను.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన తల్లికి చెప్పేశాడు. అత్తమ్మ ముద్ద కలపడం ఆపి డబ్బా తెమ్మంది. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ మాత్రం ఉంది.

“గిది పెరిగే గద బిడ్డా మీ మామ పోయింది,” అంది. “గసొంటిదాన్ని పైసలు పెట్టి కొనుక్కొచ్చి తాగుతవా?”

గొంతు పెంచలేదు. రెండూ వేరువేరని చెప్పబోయాను. వేరయితే పేరెందుకు ఒకటుందని మా ఆయన అడిగాడు. నాకు తెలిసింది జిమ్‌లో విన్నంతే. ఆ పూటకు డబ్బా అలమారలోకి పోయింది.

వారం గడిచింది. చివరికి నేనే ల్యాబుకు వెళ్లి కిడ్నీ పరీక్షకు రక్తం ఇచ్చి, రిపోర్టు తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. అంతా మామూలుగానే ఉంది. మామగారి రిపోర్టులు చదివీ చదివీ ఆయనకు అందులో ఏ అంకె ఎక్కడుంటుందో తెలుసు. చాలాసేపు చూసి, సరే తాగు, కానీ రెండు నెలలకు మళ్లీ చూపించుకోవాలి అన్నాడు. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

ఆ పొడికి రుచీ లేదు, వాసనా లేదు. చల్లటి నీళ్లలో వేస్తే అడుగున సన్నటి ఇసుకలా మిగిలిపోయేది. గోరువెచ్చటి నీళ్లలో కొంత నయం. చివరికి పల్చటి మజ్జిగలో కలుపుకోవడం అలవాటు చేసుకున్నాను, గ్లాసు అడుగున మిగిలింది కాసిన్ని నీళ్లతో కలిపి తాగేదాన్ని. ఒకసారి పెళ్లికి వెళ్లి రెండు రోజులు తప్పింది కదాని వచ్చాక మూడు చెంచాలు ఒకేసారి వేసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా కడుపు గడబిడ. జిమ్ అమ్మాయి నవ్వాపుకుంటూ, తప్పింది తప్పినట్టే వదిలేయాలక్కా, బాకీ తీర్చొద్దు అంది.

మూడో వారానికి కిలోన్నర బరువు పెరిగాను. జిమ్‌కు పోతే తగ్గాల్సింది పెరిగిందేమిటని బెంబేలెత్తాను. అది కొవ్వు కాదు, కండలోకి చేరిన నీరు, చాలామందికి అలాగే ఉంటుందని ఆ అమ్మాయి సర్దిచెప్పింది. లెక్కల టీచరమ్మ నా డ్రెస్సు చేతులు బిగుతయ్యాయని ముందుగా గమనించింది. ఇంకో రెండు వారాలకు, ఇన్నాళ్లూ నన్ను ఆపిన బరువు లేచింది. పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఎత్తాను, దించాను, మళ్లీ ఎత్తగలనేమో అనిపించింది, ఎత్తాను. పొడి వల్లనా, గుడ్ల వల్లనా, పట్టు వదలకపోవడం వల్లనా అంటే నేను చెప్పలేను. ఆ రోజు దుకాణానికి నడిచి వెళ్తుంటే మాత్రం బజారంతా నాకు దారిచ్చినట్టనిపించింది.

రెండు నెలలు కాగానే మాట ప్రకారం మళ్లీ రక్తం ఇచ్చాను. ఈసారి రిపోర్టులో క్రియాటినిన్ అంకె పక్కన నల్లగా ఒక గుర్తు ఉంది. ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ.

మా ఆయన ఆ కాగితం నాకివ్వకుండా జేబులో పెట్టుకున్నాడు. నాకూ భయం వేసింది. మామగారి కాళ్ల వాపు, ఆయన నీళ్లు కొలుచుకుని తాగడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అత్తమ్మ ఆ పూట పొయ్యి దగ్గరకే రాలేదు. డబ్బా తీసుకెళ్లి తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. పొద్దున్నే చీర మార్చుకుని, చెప్పులేసుకుని, నాకంటే ముందు గుమ్మంలో నిలబడింది. డాక్టరు దగ్గరకు తనూ వస్తానంది.

నా నడుము చూసిన డాక్టరే. రిపోర్టు చూసి, మందులేమైనా వాడుతున్నారా అని అడిగాడు. పొడి సంగతి, జిమ్ సంగతి చెప్పాను. ముందే అడిగి ఉంటే ఈ రిపోర్టుకు ఇంత కంగారు పడేవారు కాదు కదా అన్నాడు. ఆ పొడి ఒంట్లో ఖర్చయ్యాక మిగిలేదే క్రియాటినిన్ అనీ, పొడి తాగేవాళ్లలో, బాగా వ్యాయామం చేసేవాళ్లలో ఆ అంకె కాస్త పెరగొచ్చనీ, అంతమాత్రాన కిడ్నీ చెడినట్టు కాదనీ వివరంగా చెప్పాడు. అలాగని ఊహతో వదిలేయకూడదన్నాడు. మూడు వారాలు పొడి ఆపి, పరీక్షకు ముందు రెండు రోజులు జిమ్ మానేసి, రక్తంతో పాటు మూత్రం కూడా చూపించమన్నాడు.

నేను లేవబోతుంటే అత్తమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

“మా ఆయనకు గూడ గట్లనే ఏమన్న ఆపితే తగ్గుతుండెనా సారూ?” అని అడిగింది.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. ఎన్నేళ్లు షుగరు ఉండేది, ఎప్పుడు డయాలసిస్ మొదలైంది, అన్నీ ఓపిగ్గా అడిగి తెలుసుకున్నాడు.

“లేదమ్మా. ఆయన కిడ్నీలే షుగరుతోని పాడైనయి. డయాలసిస్ దాకా వచ్చినంక ఏది ఆపినా మళ్ల మంచిగ కాకపోతుండె. మీరు పెట్టిన తిండితోని వచ్చింది కాదు.”

తిండి మాట ఆమె అడగలేదు. ఆయనే అన్నాడు. ఇలాంటి వాళ్లను ఎంతమందిని చూశాడో ఏమో. అత్తమ్మ తలూపి లేచింది. తిరిగి వస్తుంటే ఆటోలో నా పక్కన కూర్చుని చెప్పుకొచ్చింది. మామగారికి తన చేతి పచ్చళ్లంటే ప్రాణమట. డాక్టర్లు ఉప్పు వద్దన్నా, ఆయన బతిమాలితే చాటుగా రవ్వంత వేసేదట. ఆ రవ్వంతతోనే మనిషి పోయాడని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉందట.

“నీ డబ్బా జూస్తే నాకు గదే యాదికొచ్చింది బిడ్డా. మళ్ల నా ఇంట్లనే గట్లయితదేమోనని పరేషాన్ అయిన.”

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆటో గతుకుల్లో పడి లేస్తోంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మూడు వారాల తర్వాత రెండు పరీక్షలూ శుభ్రంగా వచ్చాయి. డాక్టరు చూసి, తాగాలనుంటే చిన్న చెంచా దాటకుండా తాగొచ్చనీ, ఏడాదికోసారి చూపించుకోమనీ, ఏ పరీక్షకు వెళ్లినా పొడి సంగతి ముందే చెప్పమనీ అన్నాడు. తాగాలా వద్దా అని నేను రెండు రోజులు ఊగిసలాడాను. అది లేకుండా గడిపిన మూడు వారాల్లోనూ పెద్దగా బలం తగ్గిందేమీ లేదు మరి. మూడో రోజు పొద్దున అత్తమ్మ తనే పెట్టె తాళం తీసి డబ్బా బయటపెట్టింది. చెంచా నిండా తీసి, చాకు వెనకవైపుతో పైన సమంగా గీసి, మజ్జిగ గ్లాసులో వేసి నా ముందు పెట్టింది. అప్పటి నుంచి ఆ పని ఆమెదే. నన్ను డబ్బా ముట్టుకోనివ్వదు. నేను నీళ్లు తక్కువ తాగితే ఊరుకోదు. ఊరికి వెళ్తే రోజుకొక పొట్లం చొప్పున కట్టి ఇస్తుంది.

మా వీధిలో ఈ కథ నేను చెప్పకముందే ఆమె చెప్పేసింది. ఒకరోజు షుగరున్న పక్కింటాయన మోకాళ్ల బలానికి తనకూ ఆ పొడి కాస్త ఇమ్మని వచ్చాడు. అత్తమ్మ ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ముందు కిడ్నీ పరీక్ష చేయించుకుని డాక్టరు సరేనంటే అప్పుడు రమ్మని పంపించింది. చాయ్‌లో చక్కెర కూడా వేయలేదని ఆయన మా ఆయనతో చెప్పుకున్నాడట.

కిందటి నెల నుంచి మా ఆయన కూడా జిమ్‌కు వస్తున్నాడు, పొద్దున బ్యాచ్‌కు. ఆయనకింకా పొడి లేదు, ముందు ఒళ్లు వంచడం నేర్చుకోనీ అని తల్లి తీర్పు. నిన్న కాళ్ల వ్యాయామం చేయించారట. ఇవాళ దుకాణంలో పై అర నుంచి పట్టుచీరలు చూపించమని ఎవరో పెళ్లివాళ్లు అడిగితే, స్టూలు ఎక్కలేక, కింది అరలో ఉన్నవే చాలా బాగుంటాయని వాళ్లను గంటసేపు ఒప్పించాడు.