మందు కొట్టిన రోజు గాలి

మా మేనత్త పోయింది. "అవ్వకు ఊపిరాడలే, పొద్దుగాల పోయిందిరా" అని బామ్ని నుంచి ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. డాక్టరు వయసు మీద పెట్టాడు. వాడకట్టువాళ్లు పొయ్యి పొగ మీద పెట్టారు. ఇంటి గోడ వెనకే ఉన్న మిరపతోట పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎవరూ ఎత్తని మాట మీదే నాకు అనుమానం. ఆ గుణం నాకు ఆమె దగ్గరే అబ్బింది.

అత్త ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. బస్సెక్కి కూర్చున్నాక కూడా "ఇది సిరోంచకేనా?" అని కండక్టర్‌ను అడిగేది. అతను అవునన్నాక వెనక సీటువాళ్లను అడిగేది. నేను వాళ్లింట్లో ఉండి చదువుకునే రోజుల్లో జ్వరమొస్తే, మాత్రను పక్కింట్లో చూపించి వచ్చాకే నా నోట్లో వేసేది. అప్పుడు విసుక్కునేవాణ్ని. నా కోసం అంతగా అనుమానపడే మనిషి ఇప్పుడు ఇంకెవరూ లేరు.

నది మీది వంతెన దాటి పక్క రాష్ట్రం నుంచి వచ్చి ఆ తోట కౌలుకు చేస్తున్నాయన ఓసారి సంచెడు ఎండుమిర్చి పంపాడు. "ఊర్కె ఇచ్చినోడు ఊర్కె ఉండడు" అని అత్త దాన్ని గడప దాటనివ్వలేదు. తెల్లారేసరికి పురుగుమందు వాసన పోయింది కదా, ఇంకేం భయమని ఆయన అంటే, "దొంగోడు చెప్పులు చేతవట్టుకొని నడుస్తడు. సప్పుడు లేదంటే రానట్టేనా?" అంది.

ఆ మధ్య యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. చేనుకు కొట్టిన మందు ఆవిరై ఇళ్ల మీదికి ఎంత వస్తుంది, గాలి ఎటు మళ్లుతుంది, మనిషి దాన్ని ఎంతసేపు పీలుస్తాడు అన్నవి కంప్యూటర్లో పెట్టి, ఒంట్లోకి ఎంత పోతుందో లెక్క కడతారట. వాళ్లకు తెలుగు రాదు, అత్తకు మరాఠీ అంతంతే. మధ్యలో మాట అందించింది నేనే. వాకిట్లో చిన్న మిషన్ బిగించారు.

"ఇదేం జేస్తది కొడుకా?"

"గాలి గుంజుతది అత్తా."

"అయితే మందు గాలిని గూడ మనింటికే గుంజుతది."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

కొన్నాళ్లకు లెక్క తేలింది. భయపడాల్సినంత లేదన్నారు. అంతవరకు గోడ పక్క నాలుగు సాళ్లు వదిలి కొట్టే కౌలుదారు, ఆ మాట పట్టుకుని గోడ దాకా కొట్టడం మొదలుపెట్టాడు. బావ కూతురికి దగ్గు ఎక్కువైంది. కౌలుదారును అడిగితే, "గాలి సాఫ్ ఉందని సదువుకున్నోళ్లే చెప్పిండ్రు గదా" అనేవాడు.

దినాల రోజు వంటల దగ్గర బావ భార్యను అడిగాను. "అక్కా, మందు కొట్టిన రోజే గాలి అంత మంచిగ ఎట్లున్నది?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "అత్తమ్మ మిషన్ మీద తడి గోనెసంచి కప్పేది తమ్మీ. మిషన్ విషాన్ని ఇంట్లకు గుంజుతున్నది, పోరి దగ్గుతున్నది అని. మీరు కోపం జేస్తరని చెప్పనియ్యలే."

గోనెసంచి కింది గాలిని కొలిచి, మా వాడకట్టు మొత్తం పీల్చేది అదేనని లెక్క కట్టారన్నమాట. నాకు అత్త మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పక్కనే మందు కొడుతుంటే గాలి శుభ్రంగా ఎట్లా ఉందని అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అనుమానం వచ్చింది ఆమెకొక్కదానికే, అదీ తప్పు దొంగ మీద. మీ ఊళ్లోనూ ఎవరైనా లెక్క తేలిందని చెబితే, కొలిచిన రోజు అక్కడ ఏం జరిగిందో ఒక్కమాట అడగండి.

యూనివర్సిటీ వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ కొలవాల్సిందే అన్నారు. మందు కొట్టిన రోజే, గాలి కదలని సాయంత్రం నుంచే కొలవాలట. మిషన్ పక్కన ఎవరూ ఉండనక్కర్లేదన్నారు. ఈసారి నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, నేనే ఉంటానన్నాను. అక్కనూ పిల్లనూ జింగనూర్‌లోని ఆమె పుట్టింటికి పంపించాం.

ఇవాళ గోడ అవతల పొద్దుటి నుంచి మందు కొట్టే పంపు మోగి, ఇప్పుడే ఆగింది. గాలి ఆడటం లేదు. గొంతులో ఘాటు మొదలైంది. అత్త ఉంటే మిషన్ సంగతి తర్వాత, ముందు నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. వాకిట్లో ఎవరూ లేరు. మిషన్ గాలి గుంజుతోంది, పక్కన నేనూ.