ప్రేమలేఖ అడుగున ముస్తకీమ్

మొన్నటికి మా ఆయన ముస్తకీమ్ పోయి నలభై రోజులు. వచ్చినవాళ్లంతా ఆయన రాసిన పెళ్లి శుభలేఖలనూ దుకాణాల బోర్డులనూ తలుచుకున్నారు. ఆయన సినిమాలో కథానాయికగా వేసిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులు.

అరవై రెండులో హాజీ ఫజల్ కరీం లాహోర్‌లో ఒక ప్రేమకథ తీశాడు. తోళ్ల వ్యాపారి. ప్రేమ గురించి ఆయనకు తెలిసిందల్లా అది తోలుకంటే త్వరగా అమ్ముడుపోతుందని. కథలో నవాబుగారమ్మాయి నిగార్ పేదకవికి ఉత్తరం రాయాలి. కలం కదులుతుంటే అక్షరాలు పుట్టడం తెరమీద కనబడాలి. హీరోయిన్ చేత రాయిస్తే, కోడి కాలికి సిరా పూసి నడిపించినట్టు వచ్చింది. అప్పటికి సినిమా మొదట్లో వచ్చే పేర్ల అట్టలు రాస్తున్న మా ఆయన్ని పట్టుకున్నారు.

ఆయనకు ఒకటే కోరిక. ఆ అట్టలమీద హాజీగారి ముగ్గురు బావమరుదులకూ, గుర్రాన్నిచ్చిన టాంగావాడికీ చోటుంది. ఓ మూల తన పేరూ ఉండాలని అడిగారు.

"పిచ్చా మియా నీకు?" అన్నాడు హాజీ. "ఉత్తరం రాసింది గడ్డపాయన అని తెలిస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు."

"మరి మీ బావమరుదులు ఏం చేశారు హుజూర్?"

"వాళ్లు నా బావమరుదులు. ఇంకేం చెయ్యాలి?"

మర్నాడు ఆయన కుడిచెయ్యి మోచేతిదాకా గొరిగి, పౌడరు పులిమి, డజను గాజులు తొడిగారు. ఇంటికొచ్చాక ఆ నున్నటి చెయ్యి చూసి అడిగాను.

"ఏమండీ, ఆ రెండోది ఏం పాపం చేసింది?"

"దానికి వేషం లేదు బేగం."

సినిమా ఈద్‌కి విడుదలైంది. చెయ్యి ఎవరైనా గుర్తుపడతారేమోనని సిగ్గుపడి ఆయన వెళ్లలేదు. మధ్యాహ్నానికే హాజీ మా ఆయన దుకాణంమీదికి వచ్చాడు.

"కొంప ముంచావు కదయ్యా! 'మీ నిగార్' అని ఉంది. దానికింద నీ పేరెందుకు? 'రాసినవాడు ముస్తకీమ్, లాహోర్' అట! ఆ పిల్ల ఇద్దరితో నడుపుతోందని హాలంతా ఈలలు!"

"నలభై ఏళ్లుగా ప్రతి కాగితం అడుగునా అలాగే రాస్తున్నాను హుజూర్. చేతి అలవాటు."

ఆ ఉత్తరం సీను తీసేటప్పుడు అందరూ కాగితంమీద గ్లిజరిన్ కన్నీరు సరిగ్గా పడుతుందా లేదా అనే చూశారట. చదివినవాడు ఒక్కడూ లేడు. సాయంత్రానికల్లా లాహోర్ హాళ్లన్నిటిలో ఆ ముక్క కత్తిరించేశారు. ఆయన అన్నం ముట్టలేదు. "నా పేరు తెరమీదికి ఎక్కిందట బేగం, నేను చూడనేలేదు" అన్నారు.

లాహోర్ దగ్గరి ఊరు కసూర్‌లోని రేకుల హాలుకు ఇంకా కత్తెర చేరలేదని పాలవాడు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. ఉత్తరం వచ్చింది. నిగార్ పేరు, దానికింద ఆయన పేరు, చిన్నగా, ముత్యాల్లా. తెరమీద కవిగారు దాన్నే కళ్లకద్దుకుంటున్నాడు. చిట్టచివరి వరసలోంచి ఒక పహిల్వాన్ లేచాడు.

"ఎవడ్రా ఈ ముస్తకీమ్? లాహోర్‌లో దొరికాడా, తోలు ఒలిచేస్తా!"

నేను ముసుగు కిందికి లాక్కుని, "పదండి, వెళ్లిపోదాం" అన్నాను. ఆయన కదల్లేదు. కళ్లు తడిగా ఉన్నాయి.

"విన్నావా బేగం? అంత దూరం నుంచి ఒక్క తప్పు లేకుండా చదివాడు."